జిల్లా మూల ప్రమాణ ముఖం

హైమవతి ఎడమ బుగ్గకి కేటాయించిన క్రీముని ఆమె భర్త వీర్రాజు మడమల పగుళ్ళకి రాసుకున్నాడు. కాకినాడలో వాళ్ళింట్లో ఆ మంగళవారం జరిగిన గొడవంతా దాని గురించే.

"మడమది మాత్రం చర్మం కాదా?" అన్నాడు వీర్రాజు.

"నా బుగ్గ తొమ్మిదో రోజులో ఉంది. పద్నాలుగు రోజులకి సరిగ్గా సరిపోయేలా వాడుకొస్తున్నాను. మీ పుణ్యమా అని పన్నెండో రోజుకే డబ్బా అడుగు కనిపిస్తుంది."

"పన్నెండు రోజుల్లో తెలీనిది పద్నాలుగో రోజున తెలుస్తుందేంటి?"

ఇలాంటి ప్రశ్న వేసే మనిషితో వాదన దేనికని హైమవతి ఊరుకుంది. ఊరుకోవడమంటే, తర్వాత రెండు రోజులూ ఆయన్ని మారు అడక్కుండానే కూర గిన్నె మీద మూత పెట్టేసింది. వారం పోయాక వీర్రాజు కాళ్ళు చాపుకుని పేపరు చదువుతుంటే వాళ్ళమ్మ మాణిక్యాంబ వంగి చూసి, "పగుళ్ళు తగ్గేయిరా" అంది. హైమవతి కూడా వెళ్ళి చూసింది. తగ్గిన మాట నిజమే. కోపం కోపమే గాని, కళ్ళెదుట ఉన్నదాన్ని కాదనడం ఆమె వల్ల కాదు. నోటుబుక్కు తీసి ఆ క్రీము పేరుకి ఎదురుగా రాసింది: "మొహానికి పనికిరాదు. మడమలకి ఫరవాలేదు."

ఆ నోటుబుక్కు సంగతి కాస్త చెప్పాలి. హైమవతి కెమిస్ట్రీతో బీయస్సీ పాసైంది. పాసైన ఏడాదే పెళ్ళయింది. ఉద్యోగం చెయ్యలేదు గాని, చదివిన చదువు మనిషిలో ఎక్కడో ఒకచోట ఉండాలి గదా, కూతురు కాస్త ఎదిగాక అది ఆమె బుగ్గల్లోకి చేరింది. మొహానికి రాసుకునేది ఏది ఇంట్లోకి వచ్చినా ఎడమ బుగ్గకే రాసేది. కుడి బుగ్గని సబ్బుకీ నీళ్ళకీ వదిలేసేది. అలా పద్నాలుగు రోజులు. పదిహేనో రోజు పొద్దున్న ఎనిమిదింటికి పెరట్లో బట్టలుతికే రాయి మీద తూర్పు ముఖంగా కూర్చునేది. మాణిక్యాంబ వచ్చి రెండు బుగ్గలూ చూసి తీర్పు చెప్పేది. మాణిక్యాంబకి డెబ్బై ఆరేళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనయ్యాక చూపు పదునెక్కింది. నాలుక అంతకు ముందునించీ పదునే. కోడలి మొహం గురించి మొహమాటం లేకుండా చెప్పడానికి అంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతుంది?

అలా పదకొండేళ్ళలో రెండు వందల పేజీల పుస్తకం నిండింది. "గులాబీ వాసన అని రాసేరు. తడిసిన గోడ వాసన." "ముడతలు పోతాయన్నారు. మూత తియ్యడానికి మొహం చిట్లించీ చిట్లించీ కొత్తది ఒకటి వచ్చింది." "పెదాలకి రంగు బావుంది. కాఫీ గ్లాసుకి ఇంకా బావుంది." వీధిలో ఆడవాళ్ళు బజారుకి వెళ్ళేముందు ఓసారి హైమవతి గుమ్మంలో నిలబడి అడిగి వెళ్ళేవారు. ఆమె ఎక్కువ మాట్లాడదు. కొనుక్కో, వద్దు, మీ ఆయన మడమలకి కొనుక్కో, ఈ మూడింట్లో ఏదో ఒకటి చెబుతుంది. ఆ మాట మీద ఇన్నేళ్ళలో ఎవరూ నష్టపోలేదు. ఆమె దగ్గరున్న గొప్పంతా ఆ మాటే.

ఆ రోజుల్లోనే, మొహానికి రాసే ప్రతి వస్తువునీ ప్రమాణంతో సరిచూశాకే అమ్మాలని కొత్త నిబంధన వచ్చింది. దాని అమలుకి సౌందర్య ప్రమాణాల మండలి ఒకటి వెలిసింది. దాని జిల్లా అధికారిగా గోవర్ధనం వచ్చాడు. ఆయన అంతకు ముందు పాతికేళ్ళు తూకం రాళ్ళకి ముద్రలు వేసిన మనిషి. కిలోకి రాయి ఉంది, మీటరుకి కడ్డీ ఉంది, లీటరుకి డబ్బా ఉంది, మరి మొహానికి ఏముంది అని ఆయనకి మొదటి రోజే సందేహం వచ్చింది. హైమవతి పేరు ఆయన భార్య చెప్పింది.

పది రోజుల్లో హైమవతికి ఉత్తరం వచ్చింది. వీర్రాజుగారి భార్య అని కాకుండా, సూటిగా ఆమె పేరు మీద సర్కారు ముద్రతో వచ్చిన మొదటి ఉత్తరం అది. చేతులు తుడుచుకుని విప్పింది.

"శ్రీమతి హైమవతి గారి ముఖమును (ఇకపై సదరు ముఖము అని వ్యవహరింపబడును) జిల్లా మూల ప్రమాణ ముఖముగా ఎంపిక చేయడమైనది. సదరు ముఖముతో సహా కార్యాలయమునకు హాజరు కావలెను."

వీర్రాజు నీటి సరఫరా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆర్డరు కాగితం చూస్తే ఆయనకి భక్తి. ముఖంతో సహా అని రాయడం అనవసరమని కూతురు ప్రణవి అంటే, రాయకపోతే ఆడిట్ వాళ్ళు అడుగుతారని ఆయన సర్ది చెప్పాడు. హైమవతి మాత్రం నోటుబుక్కుకి కొత్త అట్ట వేసింది. ఇన్నాళ్ళకి దీంతో ఒకళ్ళకి పని పడింది అనుకుంది.

గోవర్ధనం ఎదుట బల్ల మీద పుస్తకం పెడితే, ఆయన దాన్ని చూపుడు వేలితో పక్కకి జరిపి, ఆమె ఎడమ బుగ్గ వంకా కుడి బుగ్గ వంకా చూసి తృప్తిగా తలాడించాడు.

"ఏది మంచిదో ఏది కాదో అంతా ఇందులో రాసేనండి" అంది హైమవతి.

"అమ్మా, కిలో రాయి ఉందనుకోండి. అది కిలో ఉంటే చాలు. టమాటాలు బావున్నాయో లేదో రాయి చెప్పకూడదు."

ఆ తర్వాత ఆమె చేత హామీపత్రం మీద సంతకం పెట్టించారు. ప్రమాణముగా ఉన్నంతకాలం ఏ క్రీము గురించీ నోటితో గాని, రాతతో గాని, కనుబొమలతో గాని అభిప్రాయం చెప్పరాదు. సదరు ముఖములో మార్పు రానీయరాదు. తప్పితే ప్రభుత్వోద్యోగి అయిన భర్త మీద శాఖాపరమైన చర్య. చివరి వాక్యం దగ్గర వీర్రాజు కలం తీసి మూత విప్పి ఆమె చేతికిచ్చాడు. నోటుబుక్కు మీద రహస్యం అని ముద్ర వేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎప్పటికైనా ఎవరో ఒకరు తెరిచి చదవకపోతారా అనే ఆశతోనే హైమవతి సంతకం పెట్టింది.

ఇక రంగు నిర్ణయించాలి. దానికి విడిగా సామాను మంజూరు కాలేదు గనుక, గోడలకి వేసే రంగుల షాపు నించి నమూనా అట్ట తెప్పించి ఆమె బుగ్గకి ఆనించి చూశారు. ఆమె ఛాయ "తేలిక గోధుమ"కీ "పాత ఏనుగు దంతం"కీ మధ్య ఎక్కడో పడింది. ఎటూ తేలకపోవడంతో గోవర్ధనం దానికి "జిల్లా సున్నా" అని పేరు పెట్టాడు. అంతకన్నా తెలుపైతే ప్లస్సు, అంతకన్నా చామనఛాయైతే మైనస్సు. నెల తిరక్కుండా బ్యూటీ పార్లర్లలో పట్టికలు వేలాడాయి. పెళ్ళిళ్ళ పేరయ్యలు గోత్రం కన్నా ముందు అంకె అడగడం మొదలుపెట్టారు. అమ్మాయి ప్లస్ రెండు అని ఒకళ్ళు, పొద్దుటిపూట చూస్తే ప్లస్ మూడు కూడా ఉంటుందని ఇంకొకళ్ళు. తన మొహం ఇలాంటి పనికి ఉపయోగపడుతుందని హైమవతి కలలో కూడా అనుకోలేదు. అభిప్రాయం చెప్పకూడదు గనుక చెప్పలేదు.

పరీక్షకి మొదట వచ్చింది ఒక చిన్న మందులషాపాయన ఇంట్లో చేసిన కలబంద లేపనం. పద్నాలుగు రోజుల్లో హైమవతి ఎడమ బుగ్గ మీద పొడిబారిన చోటంతా మెత్తబడింది. "నున్నగా ఉందే అమ్మాయ్" అంది మాణిక్యాంబ. పదకొండేళ్ళలో ఆ మాట ఆవిడ నోట రావడం రెండోసారి. గోవర్ధనం ఇద్దరు సిబ్బందితో వచ్చి భూతద్దం పెట్టి చూసి గతుక్కుమన్నాడు.

"ప్రమాణంలో మార్పు వచ్చింది" అన్నాడు.

"మంచి మార్పేనండి" అని వీర్రాజు చేతులు నలుపుకున్నాడు.

"కిలో రాయి ఎవడో పట్టుకెళ్ళి కిలోంపావు చేసి ఇస్తే మంచి మార్పంటారా?"

మందులషాపాయనకి ప్రభుత్వ ప్రమాణమును చెరిపిన నేరం కింద నోటీసు వెళ్ళింది. హైమవతిని పూర్వస్థితికి తేవడానికి మూడు రోజులు టేబులు ఫ్యాను ఎదురుగా కూర్చోబెట్టారు. మూడో రోజు సాయంత్రానికి బుగ్గ మళ్ళీ గరుకెక్కింది. గోవర్ధనం వేలితో తడిమి, సంతోషం, యథాతథం అని రాసుకుని వెళ్ళాడు.

రెండోది వెన్నెలధార అనే క్రీము. వెండి రంగు డబ్బా, లోపల చిన్న గరిటె, డబ్బా మీద ఏడు రోజుల్లో అనే మాట ఏడు చోట్ల. పద్నాలుగు రోజులు రాసినా ఎడమ బుగ్గ, కుడి బుగ్గ కవల పిల్లల్లా ఉండిపోయాయి. హైమవతికి నాలుగో రోజుకే అర్థమైంది, అది సుద్దపొడీ, అత్తరు నీళ్ళూ. గోవర్ధనానికి మాత్రం కళ్ళు చెమర్చాయి.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత ఖచ్చితమైన సరుకు చూడలేదు. ప్రమాణానికి నూటికి నూరుపాళ్ళు అనుగుణంగా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు."

వెన్నెలధారకి ఉత్తమ ముద్ర పడింది. ముద్రలో హైమవతి మొహం ఉంది. వారం తిరిగేసరికి కాకినాడలో ప్రతి ఫ్యాన్సీ షాపు అద్దాల వెనకాలా వరసగా నలభై మంది హైమవతులు నిలబడి ఉన్నారు.

అప్పటినించి ప్రమాణం భద్రత పెరిగింది. ఎండ తగలకూడదని బట్టలు ఆరేసే తీగ దాకా గొడుగు పట్టుకుని నడవాలన్నారు. ఉల్లిపాయలు తరక్కూడదు, కన్నీళ్ళ వల్ల ఛాయ మారుతుంది. నవ్వకూడదు, గీతలు పడతాయి. ప్రహరీ గోడకి బోర్డు కొట్టారు: "జిల్లా మూల ప్రమాణము లోపల కలదు. నవ్వించరాదు." వీర్రాజు ఆఫీసుకి వెళ్ళేముందు రోజూ ఆ బోర్డు తుడిచి వెళ్ళేవాడు. బోర్డు చూసి చుట్టాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవారు. వచ్చిన ఒకరిద్దరూ పలకరింపుకి వచ్చినట్టు కాక పరామర్శకి వచ్చినట్టు కూర్చునేవారు.

ఇలా ఉండగా ప్రమాణానికి గడ్డం మీద ఎడమ వైపు మొటిమ లేచింది.

గోవర్ధనం భూతద్దంతో చాలాసేపు చూసి, తన స్థాయిలో తేల్చే విషయం కాదని పై ఆఫీసుకి రాశాడు. తిరుగు టపాలో జవాబొచ్చింది: "ప్రమాణము తప్పు కానేరదు. ప్రమాణమునందు మొటిమ ఉన్నచో, మొటిమ ప్రమాణమే. మొటిమ లేని ముఖములు లోపముగలవిగా భావింపబడును." ఆ వారం ప్రణవి కాలేజీలో ఇంటర్వ్యూలకి వచ్చిన అమ్మాయిలు గడ్డం మీద కనుబొమల పెన్సిలుతో చుక్క పెట్టుకుని వచ్చారు. పార్లర్ల వాళ్ళు రకరకాల మొటిమలు సిద్ధం చేశారు. పెళ్ళి దగ్గర పడిన ఒకమ్మాయి, మళ్ళీ మళ్ళీ ఎవరు పెట్టుకుంటారని ఏకంగా పచ్చబొట్టు పొడిపించుకుంది. ఎనిమిదో రోజున హైమవతి మొటిమ దానంతటదే మానింది. పచ్చబొట్టు పిల్ల సంగతి పరిశీలనలో ఉందన్నారు.

ఇంత జరిగినా హైమవతి ఓపిక పట్టేదే. పడమటి వైపు పక్కింటి రాజ్యం రాకపోతే.

రాజ్యానికి ప్రసవమైన దగ్గర్నించీ రెండు చెంపల మీదా మంగు మచ్చలున్నాయి. చేతిసంచిలోంచి మూడు వెన్నెలధార డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. మూడూ ఖాళీ.

"మీ మొహం చూసే కొన్నాను వదినా. మూడు నెలల్నించీ రోజుకి రెండుసార్లు రాస్తున్నాను. ఇసుమంత తేడా లేదు. మీకు పనిచేసిందంటే తప్పు క్రీముది కాదు గదా. నా చర్మంలోనే ఏదో ఉంది."

హైమవతి నోరు తెరిచింది. ఎదురుగా గోడకి హామీపత్రం నకలు వీర్రాజు ఫ్రేము కట్టించి తగిలించాడు. ఆయన మీద శాఖాపరమైన చర్య అన్న చోట అద్దం మీద ఎండ పడి మెరుస్తోంది. నోరు మూసింది.

"కాఫీ తాగుతావా?" అంది.

"వద్దులెండి. ఇంకో మూడు కొంటాను. మధ్యలో మానేస్తే పనిచెయ్యదంటగా" అని రాజ్యం డబ్బాలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వాకిట్లో ఉన్న సైకిలు అద్దంలో చెంప చూసుకుని కొంగుతో కప్పుకుంది. ఆ కప్పుకోవడం హైమవతి కిటికీలోంచి చూసింది. పదకొండేళ్ళు నిలబెట్టుకున్న మాట కాస్తా పోయింది. తను అబద్ధం ఆడలేదు. తన మొహం వీధి వీధినా ఆడుతోంది.

మర్నాడు పొద్దున్నే గొడుగేసుకుని గోవర్ధనం ఆఫీసుకి వెళ్ళి రాజీనామా ఇచ్చింది. ఆయన చదివి, మడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"రాయి రాజీనామా చెయ్యదమ్మా. అరుగుతుంది, లేకపోతే అంతకన్నా స్థిరమైన రాయి దొరుకుతుంది. మూడో దారి నిబంధనల్లో లేదు." ఆపైన ఆయనే శుభవార్త చెప్పాడు. ఇంటి దగ్గర వాతావరణం నిలకడగా లేదని పై ఆఫీసు గమనించింది. వచ్చే నెల నించి పది నించి అయిదు దాకా ఆఫీసులోనే అద్దాల గదిలో ఉంచుతారు. సాయంత్రం తెర కప్పి ఇంటికి పంపుతారు.

హైమవతి కంగారు పడలేదు. స్థిరమైన రాయి అంటే ఎలా ఉండాలో నిబంధన చూపించమంది. ఆయన పుస్తకం తిప్పి పద్నాలుగో నిబంధన చూపించాడు. అదే కుటుంబానికి చెందినదై, పదేళ్ళుగా ఏ మార్పూ లేనిదై, అందుకు తగు ఛాయాచిత్రాలు గల ముఖము. దాని కింద చిన్న అక్షరాల్లో, డెబ్బై యేళ్ళు దాటిన ప్రమాణములను స్వస్థలము నుండి కదల్చరాదు అని ఉంది. హైమవతి రెండుసార్లు చదువుకుంది.

ఇంటికొచ్చి అత్తగారి ట్రంకు పెట్టె తీసింది. పాత రేషను కార్డు, ఓటరు కార్డు, బస్సు పాసు, పింఛను పుస్తకం, కంటాసుపత్రి చీటీ. పదిహేనేళ్ళ ఫోటోలు అయిదూ వరసగా నేల మీద పేర్చింది. అయిదింట్లోనూ మాణిక్యాంబ ఒకేలా ఉంది. అదే ముక్కుపుడక, అవే గీతలు, ఫోటో తీసేవాణ్ణి నమ్మనట్టు అదే చూపు. దేవుడు ఒక అచ్చు చేయించి అయిదుసార్లు తీసినట్టుంది.

అత్తగారి ఎదుట కూర్చుని సంగతంతా చెప్పింది. మాణిక్యాంబ విని, ఇన్నేళ్ళలో తన మొహం ఇంకొకళ్ళకి కావలసి రావడం ఇదే మొదటిసారి అని ఒప్పుకుంది. బుగ్గలకి ఏం రాసినా ఫరవాలేదు గాని, భూతద్దం పెట్టేవాడు పొద్దున్నే స్నానం చేసి రావాలంది.

ఆ ఫోటోలు చూసి గోవర్ధనం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రాష్ట్రంలో ఇంతటి స్థిరత్వం ఎక్కడా నమోదు కాలేదన్నాడు. తర్వాత ఆయనకి ఇంకో సంగతి తట్టింది. డెబ్బై ఆరేళ్ళ ముఖం సున్నా అయితే, జిల్లాలో ఆడవాళ్ళందరూ ఆ క్షణం నించీ ప్రమాణానికి పైన ఉంటారు. ఒక్క ఉత్తర్వుతో యావత్తు జిల్లా ప్రమాణాన్ని అధిగమించినట్టు. ఆయన నిలబడే సంతకం పెట్టాడు. శనివారం సాయంత్రానికి ఆర్డరు హైమవతి చేతికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. హైమవతి పప్పు వడ్డించి, నెయ్యి వేసి, తనూ కంచం పెట్టుకుని కూర్చున్నాక ఆర్డరు కాగితం వీర్రాజు పక్కన పెట్టింది. ఆయన ఎంగిలి చెయ్యి ఎత్తి పట్టుకుని, ఎడం చేత్తో చదివాడు. చదివి వాళ్ళమ్మ వంక చూశాడు.

"అమ్మా, నువ్వా?"

"నేనే. ఏం, పనికిరానా?" అంది మాణిక్యాంబ ముద్ద కలుపుకుంటూ.

"అది కాదమ్మా. హామీపత్రం ఉంది. క్రీముల గురించి ఒక్క ముక్క మాట్లాడ్డానికి వీల్లేదు. నీ నోరు నాకు తెలుసు."

"క్రీముల గురించే గదా మాట్లాడకూడదు. ఆ గోవర్ధనం గురించి మాట్లాడొచ్చుగా."

ప్రణవికి పొలమారింది. వీర్రాజు కాగితం ఇంకోసారి తిరగేసి, మరి మీ అమ్మ సంగతేంటన్నట్టు కూతురి వంక చూశాడు. కూతురు తల్లి వంక చూసింది.

"నా హామీ నిన్న సాయంత్రం అయిదింటితో అయిపోయింది" అంది హైమవతి. "అక్కడ రాసే ఉంది, చూడండి. ఇకనించి మొహం అత్తయ్యగారిది, మాట నాది. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే రాజ్యం ఇంటికి వెళ్తున్నాను. ఆ డబ్బాలో ఏమీ లేదు, నీ చర్మంలో ఏ తప్పూ లేదు అని చెప్పొస్తాను. ఆ తర్వాత అడిగిన వాళ్ళందరికీ చెబుతాను, అడగని వాళ్ళకి కూడా చెబుతాను."